ఏడో పోస్టు

నవంబరు. లింకన్‌షైర్. పొద్దున్న ఏడు.
యుద్ధకాలం నాటి రన్‌వే మీద
యాభై ఏళ్ళుగా కార్లు తిరుగుతున్న చోటు, స్కార్‌బీ.
స్కానర్‌ని మూడుకాళ్ళ స్టాండు మీద నిలబెట్టి
నేనూ గ్రెగరూ చేతులు చంకల్లో దూర్చుకుని
దాని కన్ను ఒక చుట్టు తిరిగొచ్చేదాకా
ఊపిరి కూడా పక్కకి తిరిగి వదిలాం.
లేజరుకి మన ఆవిరి కూడా గోడే.

మూడు రోజులకి మూడువందల కోట్ల చుక్కలు.
లెమింగ్టన్‌లో, మూసేసిన చెప్పుల కొట్టు పైన మా ఆఫీసు.
తెర మీద తెరిస్తే
ఎవరో చుక్కలు పెట్టి
ముగ్గు వెయ్యకుండా లేచిపోయినట్టుంది.
కలపడం నా ఉద్యోగం.

నాలుగు నెలలు కలిపాను.
అతుకు మీద అతుకు పడ్డ తారు,
తెల్లగీత వేసినవాడి చెయ్యి వణికిన చోటు,
మూడో మలుపు లోపలివైపు
పంటి కింద రాయిలాంటి చిన్న ఎత్తు.
"అది తీసెయ్, ఆడేవాళ్ళు తిడతారు," అంది ఇమోజెన్.
"తిట్టనీ. ఉంది కదా," అన్నాడు గ్రెగర్,
స్టీరింగు మోటారులోంచి ఆ రాయిని
అరచేతిలోకి ఎలా పంపాలా అని
మూడు వారాలుగా లెక్కలు కడుతున్నవాడు.
ఉన్నది పదకొండు మిల్లీమీటర్లు.
అలాగే ఉంచి, నాలుగని చెప్పాను.

విడుదలకి పదిరోజుల ముందు
క్లబ్బువాళ్ళు ఒక పెద్దావిడని పంపారు.
మ్యూరియల్ టింక్లర్. నారింజరంగు కోటు, మోకాలికి పట్టీ.
ముప్పై నాలుగేళ్ళు ఏడో పోస్టు దగ్గర
పసుపు జెండా పట్టుకు నిలబడ్డ మనిషి.
జీతం లేదు. మధ్యాహ్నం ఒక శాండ్‌విచ్.
ఆ ట్రాకు మీద తను ఎప్పుడూ కారు నడపలేదుట.
"ఎవరూ అడగలేదు," అంది, ఫిర్యాదులా కాదు,
నిన్న వాన పడలేదు అన్నట్టు.

సీటు ముందుకి జరిపాం. మడమల కింద పీట వేశాం.
రెండో గేరులో, పాలబండిలా బయల్దేరింది.
మూడో మలుపులో చక్రం చేతిలో ఉలిక్కిపడితే
"ఓ, నువ్వా," అంది దానితో.
గ్రెగర్ నావైపు చూడలేదు.

ఏడో పోస్టు దగ్గర ఆపేసింది.
ట్రాకు నడిమధ్య, ఇంజను కూడా ఆపి.
నేను కొన్ని వేల చుట్లు తిరిగాను అక్కడ,
గంటకి నూటనలభై మైళ్ళతో.
ఒక్కసారీ ఆగలేదు.
ఆగితే కనిపించింది, కంచె వెనక గడ్డంతా
ఒకటే గడ్డి:
ఒక్క కాడని తొమ్మిదివేలసార్లు నాటాను.
ఆవిడ తెర అంచుకేసి మెడ సాచి వంగింది,
వంగితే ఇంకాస్త కనిపిస్తుందని.
"బాగుంది," అంది. "చాలా బాగుంది.
ఇక్కడ ఎవరూ లేరు."

మేం కొలిచింది మంగళవారం. రేసులు లేని రోజు.
రాని మనిషికి చుక్కలుండవు.
అది చెప్పబోయి, టీ తెస్తానన్నాను.

మార్చిలో స్కార్‌బీకి కొత్త తారు పోశారు.
మూడో మలుపు ఎత్తు ఇప్పుడు అక్కడ లేదు,
మా దగ్గరే ఉంది.
తప్పు కొలిచారని మొదటి వారంలోనే తిట్లు.
ఇమోజెన్ అన్నీ చదివింది, నాలుగు మిల్లీమీటర్ల సంగతి
నన్ను ఇంకా అడగలేదు.

రెండో అప్‌డేటులో ఏడో పోస్టుకి
మనిషిని పెట్టడానికి డబ్బు లేదు.
మనిషంటే ఎముకలు, నడక, నీడ,
కారు గుద్దితే ఏం చెయ్యాలన్న మీటింగు.
కాబట్టి కంచె ఇవతల, జెండాల డబ్బా పక్కన
ఒక మడతకుర్చీ వేశాను.
దాని కింద ఆకుపచ్చ ఫ్లాస్కు, మూత తీసి.
నూటనలభైలో పోయేవాడికి
అది కంటికొసన ఒక పచ్చ చుక్క.

మార్పుల జాబితాలో రాశాను:
ఏడో పోస్టు దగ్గర చిన్న సవరణ.
గ్రెగర్ చదివాడు. లేచి వెళ్ళి, చాలాసేపటికి తిరిగొచ్చి
ఫ్లాస్కులోంచి సన్నగా ఆవిరి లేస్తే
ఫ్రేముకి ఎంత ఖర్చో
అడక్కుండానే లెక్కకట్టి చెప్పాడు.
చలిరోజుల్లో మాత్రం పెడదాం, అన్నాడు.